ప్రభుదాసు సారు నిచ్చెన మీద నుంచి పడలేదు

మొన్న ఆదివారం పొద్దున మా వాడలో చాయ్ హోటల్ నడిపే కొమురయ్య నా ముందు గ్లాసు పెడుతూ అన్నాడు: "ఇన్నవానే, తలకాయల సారు సచ్చిపోయిండట." పక్క బల్ల మీదివాళ్లు నవ్వారు. "ఇగ పిల్లల ఫికర్ లేదు" అన్నాడు ఒకతను. రిటైరైన ఓవర్సీర్ ప్రభుదాసుగారు కన్నుమూసిన వార్త మా వాడలో ఈ విధంగా తెలిసింది. నాలుగు పొడి మాటల విచారం కూడా ఆ మనిషికి మేం మిగల్చలేదు.

ప్రార్థన కూడికలో పాస్టరుగారు ఆయన జీవితాన్ని చదివి వినిపించారు. భక్తిపరుడనీ, పనిలో నిక్కచ్చి మనిషనీ, వంతెన మరమ్మతు చేయిస్తున్న రోజుల్లో నిచ్చెన మీద నుంచి జారిపడి కుడిచేతి వేళ్లు పోగొట్టుకున్నారనీ చెప్పారు. మొదటి రెండు మాటలూ నిజం. మూడోది అబద్ధం. అది అబద్ధమని ఆ కూడికలో తెలిసినవాళ్లు ఇద్దరమే. ఒకరు ఆయన భార్య మార్తమ్మగారు. రెండోవాణ్ణి నేను. ఆ చేతిని స్తంభానికి ఆనించి పట్టుకున్నది నేనే.

వంతెన అంటే ఊరవతల వాగు మీదిది కాదు. వరంగల్లులో మా వాడ నెత్తి మీదుగా సాగి, రైలు పట్టాలు దాటి అవతల దిగే ఎత్తు సడక్ అది. నిజాం కాలం నాటిది. పైన హైదరాబాదు బస్సులు, పత్తి లారీలు. కింద స్తంభాల నడుమ మా బతుకులు: కుట్టు మిషన్లు, కొలిమి, కోడికూర దుకాణం, గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చే నా సైకిల్ టాక్సీ. డెబ్బైల నడుమ ఒకనాడు పైనుంచి పెద్ద పెళ్ల ఊడి దర్జీ దుకాణం రేకుల్లోంచి దూసుకొచ్చింది. మిషన్ ముందున్న మనిషి బీడీ కోసం లేచి పోయాడు కాబట్టి బతికాడు. సడక్ బాగుచేయమని మేమే ఆఫీసుల చుట్టూ తిరిగాం. మేం అడిగితేనే సర్కారు ప్రభుదాసు సారును పంపింది.

ఆయన మంచివాడే గాని తియ్యని మనిషి కాదు. నీళ్లెక్కువ పోసి కలిపిన సిమెంటు కనబడితే కాలితో తన్నేవాడు. "ఇది సిమెంటా, అంబలా? తాగుతవా పోస్తవా?" అని మేస్త్రీని నలుగురిలో అడిగేవాడు. స్తంభాల పక్కన మేం వేసుకున్న పందిళ్లు పీకించాడు. పోట్లాడితే వినలేదు. దాంతో ఆయన వచ్చిన వారానికే వాడంతటికీ కాని మనిషి అయ్యాడు.

ఆయనకొక అలవాటుండేది. చిన్న సుత్తెతో స్తంభాన్ని తట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. లోపల గట్టిగా ఉంటే ఒక చప్పుడు, గుల్లబారితే ఇంకొకటి. గుల్ల ఉన్నచోట సుద్దతో గీత గీసేవాడు. సాయంత్రం కూలీలు పోయాక కూడా ఒక్కడే ఉండి, కొత్త సిమెంటు మీద కప్పిన గోనె పట్టాలకు నీళ్లు పట్టేవాడు. సిమెంటు ఆరిపోకుండా కొన్నాళ్లు తడిగా ఉంచాలని ఇవాళ ఇల్లు కట్టుకునే ప్రతివాడికీ తెలుసు. ఆనాడు మాకు కనిపించింది మాత్రం గోనె చుట్టిన స్తంభం, దానికి చెవి పెట్టి నిలబడ్డ మనిషి.

అసలు చెడింది మేకపోతు దగ్గర. పెద్ద కట్టడం మొదలుపెడితే నెత్తురు చుక్క పడాలని, లేకపోతే కట్టడం మనిషిని అడుగుతుందని మా నమ్మకం. జాకీలతో సడక్‌ను కాస్త పైకెత్తి, స్తంభం చుట్టూ కొత్త కంకర పోయాల్సిన రోజున మేస్త్రీ మేకపోతును తెచ్చి కట్టేశాడు. సారు తాడు విప్పి దాన్ని తోలేశాడు. మేస్త్రీ బతిమాలాడు. అప్పుడు సారు అన్న మాట అక్కడే నిలబడి విన్నాను.

"వంతెనకు కోపం రాదురా. బరువే వస్తది. బరువుకు మేకతోటి ఏం పని?"

కూలీలు తలవంచుకుని జాకీలు తిప్పారు. ఆ పూట కొమురయ్య హోటల్లో ఇదే ముచ్చట. నాకు అప్పుడు పాతికేళ్లు (ఇప్పుడు యాభై దాటాయి), నలుగురిని నవ్వించాలనే తీట. "మేకనొద్దన్నడంటే పెద్దదేదో చూసిపెట్టుకున్నడన్నట్టు" అన్నాను. అందరూ నవ్వారు. పొద్దుగూకేసరికి ఆ నవ్వు పోయి మాట మిగిలింది. మర్నాడు ఆడవాళ్లు నల్లా దగ్గర చెప్పుకున్నారు: ఆ సారు పిల్లల తలకాయలు అడుగుతాండట, స్తంభంల పెట్టి సిమెంటు పోస్తాండట, లోపల ఏడుపు ఆగిందో లేదో చెవి పెట్టి ఇంటాండట. నా నోటినుంచి పోయిన మాట కాళ్లూ చేతులూ మొలిచి నా దగ్గరికే వచ్చింది. నేను కాదనలేదు. సగం నమ్మాను కూడా.

కొన్నాళ్లకు మా అన్న లింగయ్య బిడ్డ సరోజ కనబడలేదు. ఆరేళ్ల పిల్ల. పొద్దుటి నుంచి వాడంతా వెతికాం. మధ్యాహ్నానికి ఎవరూ వెతకడం లేదు, అందరూ గోనె చుట్టిన స్తంభం చుట్టూ చేరారు. నిచ్చెన మీదున్న సారును కాళ్లు పట్టి గుంజారు. చొక్కా చిరిగింది, కళ్లద్దాలు ఎవరి కాలి కిందో నలిగాయి. మా అన్న ఆయన జుట్టు పట్టుకుని, బిడ్డను ఎక్కడ పెట్టినవో చూపియ్యమన్నాడు.

"లోపల కంకరున్నది లింగయ్యా. పచ్చిగున్నది. ఇప్పుడు పలగ్గొడితే పైన సడక్ కుంగుతది" అన్నాడు సారు.

పలగ్గొట్టొద్దంటున్నాడంటే లోపల ఉన్నట్టేనని జనం కేక పెట్టింది. బిడ్డ ఉన్నచోట చెయ్యి పెట్టి చూపించమన్నారు. ఆయన పెట్టలేదు. నేను ఆయన కుడిచెయ్యి లాగి స్తంభానికి అదిమిపట్టాను. గడ్డపార మా అన్నది. రెండో దెబ్బ గోనె మీద పడలేదు.

స్తంభాన్ని ఇనుప చువ్వలు బయటపడేదాకా తవ్వారు. కంకర తప్ప ఏమీ లేదు. "గీ స్తంభం కాదు, పక్కది" అన్నారెవరో. పోలీసులు రాకపోతే దాన్నీ తవ్వేవాళ్లం.

దవాఖానాలో ఆయన ఏం చెబుతాడోనని తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు. పోలీసు జమేదారుతో నిచ్చెన జారిందని చెప్పాడు. జమేదారు పోయాక నన్ను దగ్గరికి పిలిచాడు. క్షమించాడేమోనని ముందుకు వంగాను.

"కేసయితే పని ఆగుతది. ఆ స్తంభం కడుపు తెరుసుకోని ఉన్నది. ఉరుకు, మీద లారీలు ఆపమని చెప్పు" అన్నాడు.

నేను లారీలు ఆపమని చెప్పడానికి పోలేదు. కేసు లేదని అన్నకు చెప్పడానికి ఇంటికి ఉరికాను. లారీలను ఆ సాయంత్రం ఆపించింది మార్తమ్మగారు. భర్తను మంచం మీద వదిలి, సడక్ మొదట్లో చేతులు చాచి నిలబడిందట. లారీవాళ్లు ఆమెను పిచ్చిదన్నారు.

చీకటి పడకముందే పాసింజరు బండి దిగి అమ్మమ్మ వెంట సరోజ వచ్చింది. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉండే ఆ అమ్మమ్మే పొద్దున వచ్చి, తల్లి నల్లా దగ్గరుంటే పక్కింటామెకు చెప్పి పిల్లను తీసుకుపోయింది. పక్కింటామె బజారుకు పోయి ఆ సంగతి మరిచింది. సరోజ చేతిలో చెరుకుగడ ముక్క ఉంది. వాడంతా చూసింది. ఎవరూ తలవంచుకోలేదు. ఒక ముసలామె మాత్రం అన్నది: "అయితేమాయె. ఇయ్యాల కాకుంటే రేపు తీస్కపోతుండె."

ఆయన దవాఖానాలో ఉండగా వాడవాళ్లం మేకపోతును తెచ్చి ఆ స్తంభం దగ్గరే కోశాం. నెత్తురు పూశాం, కూర పంచుకున్నాం. చేతికి కట్టుతో ఆయన తిరిగొచ్చిననాడు, కంకర అతకాలంటే ఆ నెత్తురు కడగాలన్నాడు. ఒక్క కూలీ కూడా ముట్టలేదు. ఎడమచేత్తో బకెట్ మోసి, కొబ్బరిపీచుతో తానే రుద్దికడిగాడు. చుట్టూ నిలబడి చూశాం. బలిని కడిగేసిన మనిషని ఇంకొక మచ్చ జతచేశాం. ఆయన స్తంభాన్ని మళ్లీ నింపించాడు. సుత్తె ఎడమచేతికి మారింది. సడక్ నిలిచింది. ఇవాళ్టికీ నిలిచే ఉంది. అది మేకపోతు మహిమ అని మా వాడలో అనుకుంటారు.

ఆయన బదిలీ మీద పోయి, రిటైరయ్యాక, మునుపు అద్దెకున్న చర్చి వెనక ఇంటికే మళ్లీ వచ్చాడు. ఇంతలో పేరు ముదిరింది. అన్నం తినని పిల్లలకు "తలకాయల సారును పిల్వాల్నా?" అనడం ప్రతి ఇంట్లో అలవాటైంది. ఆయన వీధిలో వస్తే గోలీలాడే పిల్లలు చెల్లాచెదరయ్యేవాళ్లు. ఆయనకు పిల్లలు లేరు. మార్తమ్మగారు ఆదివారం బడి నడిపితే ఒక్కొక్క పిల్లే మానేసి, చివరికి బెంచీలు మిగిలాయి. పిల్లల కోసం కొన్న బిస్కెట్లు ఆయన చాయ్‌లో ముంచుకుని తినేవాడట. కూడిక అయ్యాక ఆ మాట చెబుతూ ఆమె ఏడవలేదు. నేనే తట్టుకోలేక, జరిగింది నలుగురికీ చెబుతానమ్మా అన్నాను.

"ఇప్పుడెవలికి చెప్తవు నాయనా? ఆయనకైతే ఎరుకే గదా" అన్నది.

చెప్పవలసిన వయసులో చెప్పలేదు. మా అన్న బతికి ఉన్నాడని ఒకసారి, దుకాణం ఈ వాడలోనే ఉందని ఒకసారి, ఇప్పుడెందుకులే అని చాలాసార్లు అనుకున్నాను. కోపంతో మమ్మల్ని ఒక్క మాట అనకుండా, మా నెత్తి మీద సడక్ కూలకుండా నిలిపిన అట్లాంటి మనిషిని ఈ ఊరు మళ్లీ అడిగినా ఎవరూ పంపరు. ఆయనకు నమస్కారం పెట్టే అర్హత నా చేతులకు లేదు. అందుకని రాస్తున్నాను.

శవపేటిక సడక్ కింది నుంచే సమాధుల తోటకు పోయింది. మోసినవాళ్లు చర్చివాళ్లే. దుకాణాలు మూయలేదు. ఆ స్తంభం పక్కనే సరోజ ఇల్లు. గడపలో ఆడుకుంటున్న కొడుకును రెక్క పట్టి లోపలికి లాగింది. "దా లోపలికి, తలకాయల సారు పోతాండు."

నేను ఆగి ఆమెకు అంతా చెప్పాను. ఘన్‌పూర్ పోయిన సంగతి, చెరుకుగడ, గడ్డపార, నా చెయ్యి. ఆమె ఓపికగా విన్నది. కొడుకు తల నిమిరింది.

"ఊకో కాకా. నాకు యాదికున్నది. కొడితేనే నన్ను ఇడిసిపెట్టిండు. స్తంభం లోపట మస్తు చీకటుండె" అన్నది.