నా ఆముదం సీసా ఆకాశానికి పోయిన కథ

"అవ్వా, ఆ సీసా ఇయ్యి."

"ఇచ్చి? నేను ఆముదం దోసిట్లో పట్టుకోని తిరగాల్నా?"

"ఇంకోదాంట్లో పోసుకో. ఇంటి నిండా ఖాళీ డబ్బాలే గదా."

"అవి ఖాళీవి కాదు మే. ఒక్కోదానికి ఒక్కో పని ఉంది."

"ఏం పని?"

"పని వచ్చినప్పుడు తెలుస్తది."

"నా విమానం పొట్టలో అదొక్కటే పడతాది అవ్వా. కొన్న ట్యాంకు లావుగా ఉంది, దూరలా."

"అయితే విమానం పొట్ట పెద్దది చేసుకో. నా సీసా జోలికి రావాకు."

ఆ తగువులో నేను గెలిచి ఉంటే అందరికీ బాగుండేది. ఓడిపోయాను. సీసా ఇచ్చాను. ఇచ్చిన వారం తిరక్కుండానే నా మనవరాలి విమానాన్ని నా చేతులతో నేనే కూల్చాను. నవ్వే వాళ్ళు ఇప్పటి నుంచే నవ్వుకోవచ్చు. నాకేం ఖర్చు లేదు.

మనవరాలి పేరు రూతు. మార్కాపురంలో ఇంజనీరింగు చదువుతోంది. మేముండేది కంభంలో. ఇక నా చదువంటారా, మిషన్ బడిలో మూడో తరగతి. అదీ పూర్తి కాలేదు. పలక మీద రాయడం మాని, ఫ్యాక్టరీలో పలకలు నునుపు చేసే పనికి పోయాను. పలకతో సంబంధం మాత్రం తెగలేదు.

రూతు చేసిన విమానం మనుషులెక్కేది కాదు. చేతులు బార చాపితే ఎంతో, దాని రెక్కలు అంత. తేలిక కొయ్యతో చేసింది. కింద నిలబడి చేతిలో పెట్టెతో ఆడిస్తే పైన తిరుగుతుందట. హైదరాబాదులో పోటీకి కాలేజీ నుంచి ఒక్క విమానమే పోవాలి. ఆదివారం సాయంత్రం సారు కంభానికే వచ్చి చూస్తానన్నాడు. విమానం ఒక చుట్టు తిరిగి దిగితే రూతు పోతుంది. లేకపోతే ఇంకెవరో పోతారు. ఆ పిల్ల ఏడాదిగా నిద్రలో కూడా రెక్కలే కొలిచింది.

నా ప్లాస్టిక్ సీసా తీసుకుని అది చేసిన పని చూడాలి. లోపలి జిడ్డు పోయేదాకా కడిగింది. మూత తీసేసి రబ్బరు బిరడా బిగించింది. బిరడాకు రెండు చిల్లులు పెట్టి రెండు ఇత్తడి గొట్టాలు దూర్చింది. ఒక గొట్టం ఇంజనుకు పోతుంది. సీసా లోపల దాని కొసకు మెత్తటి పైపు తగిలించి, పైపు చివర చిన్న బరువు పెట్టింది. విమానం తలకిందులైనా సరే, దూడ పొదుగును వెతుక్కున్నట్టు ఆ పైపు ఇంజను తాగే నూనె ఎక్కడుంటే అక్కడికి పోతుందట. అంతవరకు నాకు బాగానే ఉంది.

"మరి ఆ రెండో గొట్టం?"

"గాలికి అవ్వా."

"నూనె సీసాలో గాలికేం పని?"

"చెప్తే నీకు అర్థం కాదులే."

ఈ మాట అనకుండా ఉండాల్సింది. అర్థం కాదన్న మాట విన్నాక నేను ఊరుకున్న రోజు లేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఎక్కడన్నా కారుతుందేమో చూడాలని సీసా నిండా నూనె పోసి, విమానాన్ని మంచం మీద పెట్టి రూతు స్నానానికి పోయింది. నేను పోయి చూద్దును కదా, పొట్ట కింద ఆ రెండో గొట్టంలోంచి చుక్కా చుక్కా కారుతోంది. వేలు పెట్టి వాసన చూశాను. ఆముదం. ఇంజను అరగకుండా ఆ నూనెలో ఆముదం కలుపుతారని పిల్ల ముందే చెప్పింది. ఎవరి ఆముదమైతేనేం, నా కళ్ళ ముందు నా దుప్పటి మీద పోతోంది.

మీరైతే ఏం చేస్తారు? పిల్లను పిలిచి అడుగుతారు. నేను అడగలేదు. మా నాయన దగ్గర పాత ట్రాక్టరు ఉండేది. డీజిల్ ట్యాంకు కారితే బట్టల సబ్బు తడిపి రుద్దేవాడు, ఆగిపోయేది. ట్రాక్టరుకు పనికొచ్చింది విమానానికి పనికిరాదా అనుకున్నాను. సబ్బు ముక్క నలిపి, చీపురు పుల్లతో ఆ గొట్టంలో గట్టిగా కూరాను. చుక్క ఆగింది. రూతుకు చెప్పలేదు. చేసిన మంచి చెప్పుకునే అలవాటు నాకు లేదు.

సాయంత్రం చెరువు ఎండిన మేరలో చేరాము. ఒకపక్క బర్రెలు, ఒకపక్క పుచ్చకాయ పాదులు. సారు చిన్నవాడే, టోపీ పెట్టుకుని వచ్చాడు. రూతు ఇంజను తిప్పింది. కందిరీగల తుట్టె కదిపినట్టు రొద చేసుకుంటూ విమానం లేచింది.

"ఆ పొట్టలో ఉండేది నా సీసానే సారూ" అన్నాను.

"అట్లనా అవ్వా. మంచి సీసా."

ఆ మాట ఆయన నోట్లో ఉండగానే పైన రొద సన్నబడింది, కీచుమంది, ఆగిపోయింది. ఇంటి కప్పు మీదినుంచి అదిలించిన కోడిలాగా అది వాలుగా వచ్చి పుచ్చపాదుల్లో పడింది.

రూతు పరిగెత్తింది. వెనక సారు, ఆయన వెనక నేను. పాదు మెత్తగా ఉండబట్టి రెక్కలు మిగిలాయి. పొట్ట తెరిస్తే నా సీసా పళ్ళూడిన ముసలిదాని బుగ్గల్లాగా లోపలికి పీక్కుపోయి, ఒకపక్క చిట్లి ఉంది.

"గాలి దారి మూసుకుపోయినట్టుంది" అన్నాడు సారు.

రూతు తీగ పెట్టి పొడిచింది. నీలంగా ఏదో బయటికొచ్చింది. వాసన చూసింది. మా ఇంట్లో ఆ వాసన తెలియని వాళ్ళు లేరు.

"అవ్వా."

నేను బర్రెల వైపు చూశాను.

"సబ్బు పెట్టింది నువ్వేనా?"

"కారతా ఉంటే ఆపినా."

"నిన్నెవరు ఆపమన్నారు?"

"కారేదాన్ని ఆపమని ఒకరు చెప్పాల్నా?"

"నూనె పోయేకొద్దీ ఆ చోట్లోకి గాలి రావాల అవ్వా. రాకపోతే ఇంజను నూనె లాగలేదు."

"ఇదేం చోద్యం. నూనె బయటికి పోయేదానికి గాలి లోపలికి రావడమేంది?"

రూతు కళ్ళు తుడుచుకుంది. "కొత్త నూనె డబ్బా తెస్తే నువ్వేం చేస్తావు?"

"మేకుతో చిల్లు కొడతా."

"ఎన్ని కొడతావు?"

"రెండు. ఒకటే కొడితే బుడుక్కు బుడుక్కుమంటా నూనె సరిగ్గా..."

సారు టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. దగ్గుతున్నాడనే అనుకున్నాను. పెళ్ళయిన నాటి నుంచి మా ఇంటికొచ్చిన ప్రతి నూనె డబ్బాకూ రెండు చిల్లులు పొడిచిన చెయ్యి ఇది. ఆ రెండో చిల్లు ఎందుకో ఈ చేతికి తెలుసు. తలకే తెలియలేదు.

"ఈ పూటకు మా అక్కవాళ్ళింట్లో ఉంటా. రేపు పొద్దున ఇంకొక్కసారి చూస్తా రూతూ. అంతే" అన్నాడు సారు.

ఇంటికి రాగానే పిల్ల తల పట్టుకుని కూర్చుంది.

"ఇంక సీసా యాడ తెచ్చేది?"

నేను ట్రంకు పెట్టె తెరిచి, చీరల అడుగు నుంచి ఒక సీసా తీసి దాని ముందు పెట్టాను. అదే కొలత, అదే మూతి.

రూతు దాన్ని చూసింది, నన్ను చూసింది. "రెండోది ఉండాదా నీ దగ్గర? మరి మొన్న అంత తగువెందుకు పెట్టుకున్నావు?"

"ఆ సీసా ఇయ్యమన్నావు. ఇంకోటి ఉందా అని అడిగినావా?"

అప్పుడు నవ్వింది పిల్ల.

ఆ సీసాకు అది గొట్టాలు బిగిస్తుంటే, పక్కన కూర్చుని చెరువు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. నేను బతికున్నంత కాలం, కుళాయి కారనీ, కుండ కారనీ, ఆఖరికి ఆకాశమే కారనీ, ఎందుకు కారుతోందో అడగకుండా సబ్బు ముట్టను.

మరుసటి రోజు పొద్దున విమానం లేచింది, ఒక చుట్టు తిరిగింది, దిగింది. పోటీకి రూతే పోతుందని సారు చెప్పాడు. విమానం నా మీదుగా పోతూ ఒక నూనె చుక్క నా నెత్తిన రాల్చింది. తుడుచుకోలేదు. ఆముదం కదా, జుట్టుకు రుద్దుకున్నాను.