కొండకు నిచ్చెన

మనోబలం అంటే ఏమిటో పిల్లలకు బొమ్మలతో చెప్పే పుస్తకం ఒకటి నేను రాశాను. అచ్చు వేయించే ముందు దాన్ని పల్లెటూరి పిల్లలకు ఒకసారి చూపించాలనుకోవడమే ఈ ప్రయాణానికి కారణం. నేను గుడివాడలో ఒక ధాన్యం మిల్లులో గుమాస్తాను. రాత్రిబడిలో చదివి, నలభై దాటాక మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాను. ఆ అర్హతను అట్ట మీద నా పేరు కింద వేయమని ప్రెస్సువారికి నేనే చెప్పాను. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. పుస్తకానికి 'కదలని కొండ' అని పేరు పెట్టాను. గాలివానకు చెట్లు వంగిపోతాయి, ఇళ్ల కప్పులు లేచిపోతాయి, కొండ మాత్రం కదలదు. అలా నిలిచినవాడే బలవంతుడని చివరి పుట చెబుతుంది. ముప్పయ్యో ఏట మొదటిసారి బెజవాడ వెళ్లి కొండను చూసిననాడు నా మనసులో పడిన మాట అది.

ఉదయం గుడివాడలో బందరు ప్యాసింజరు ఎక్కితే ఎండ ముదరకముందే దిగవచ్చు. మూడో తరగతి టిక్కెట్టు రూపాయి లోపే. స్టేషను నుంచి రిక్షాలో ప్రెస్సుకు వెళ్లి ప్రూఫులు తీసుకున్నాను. చెక్క అచ్చులతో తీసిన బొమ్మలు నల్లగా, స్పష్టంగా వచ్చాయి. ప్రెస్సు యజమాని మంచివాడే కాని మాఘమాసం ఆయన చేతిలో లేదు. రేపటి నుంచి మిషను మీద శుభలేఖలు తప్ప ఇంకేమీ ఎక్కవనీ, సాయంత్రానికి నేను సరేనంటే సరి, దిద్దుబాట్లుంటే మాత్రం వేసవి సెలవుల తరువాతేననీ చెప్పారు. దిద్దుబాట్లు ఉండవని నేను ఆయనకు హామీ ఇచ్చాను.

బందరు నుంచి చల్లపల్లి మీదుగా మోపిదేవికి బస్సులున్నాయి. ఘంటసాల స్తూపం చూడదలచినవారు చల్లపల్లిలో విచారించుకోవచ్చు. ఆ రోజు మంగళవారమన్న సంగతి నేను గమనించుకోలేదు. సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి వచ్చిన జనంతో మోపిదేవి నిండిపోయి ఉంది, జట్కాలన్నీ వాళ్లవే. చాలాసేపటికి ఒకటి దొరికింది. ముప్పావలాకు బేరం కుదిరింది. చేతిలోని ప్రూఫుల చుట్టను చూసి జట్కా అతను నన్ను సర్వే ఉద్యోగి అనుకున్నాడు.

"కొలతలకొచ్చారా బాబుగారూ? మా చేను కాస్త కుదించి రాయండి, శిస్తు తగ్గుద్ది. పక్కన మా బావమరిదిది, అది ఎంత సాగినా ఫరవాలేదు."

ఇవి పిల్లల బొమ్మలని చెప్పాను. అతను నమ్మినట్టు కనిపించలేదు. దారి పొడవునా కాలువ పక్కన కోసిన చేలలో మినుము పచ్చగా ఉంది. కుప్పనూర్పులు ముగిసి, ఇంటింటి దొడ్లోనూ కొత్త గడ్డివాములు లేచి ఉన్నాయి. వాటిని నేను ప్రత్యేకించి చూడలేదు.

నేను వెళ్లిన ఊరి బడిలో సలోమి గారు ఉపాధ్యాయురాలు. ఆమె తమ్ముడు మా మిల్లులోనే పనిచేస్తాడు, అలా పరిచయం. తాటాకు పాకలో నలభైమంది దాకా పిల్లలు చాపల మీద కూర్చున్నారు. ఆమె చివరి బొమ్మను పైకెత్తి, ఇది ఏమిటని అడిగారు.

"గడ్డివామండీ," అన్నారు అందరూ ఒకే గొంతుతో.

ఆ పిల్లల్లో కొండను చూసినవారు ఒక్కరూ లేరు. ఇది కొండ అని నేను వివరించాను. రాయితో ఉంటుందని, ఎంతో ఎత్తని చెప్పి, 'కొండ' అని అందరిచేతా అనిపించాను. చక్కగా అన్నారు. అయిదో తరగతి వరుసలో నుంచి నాంచారి అనే అమ్మాయి లేచి నిలబడింది.

"ఈ కొండని ఎవరు తొక్కారండీ?"

కొండను ఎవరూ తొక్కరన్నాను.

"తొక్కకపోతే గాలికి లేచిపోద్ది కదండీ."

"నిచ్చెన కూడా లేదు," అన్నాడు వెనక నుంచి ఒకడు. "తొక్కినోళ్లు దిగలేక పైనే ఉండిపోయారేమో."

పాకంతా నవ్వింది. నేను నవ్వలేదు. నాంచారి మాత్రం ఇంకా జవాబు కోసమే నిలబడి ఉంది.

ఈ ప్రాంతం తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను. గడ్డివాము వేసేటప్పుడు ఒక్కొక్క వరుస పరచి, పిల్లలను పైకెక్కించి తొక్కిస్తారు. తొక్కని వాము బయటికి అంతే ఎత్తుగా, అంతే అందంగా ఉంటుంది. మొదటి గాలికి నెత్తి లేచిపోతుంది, వాన లోపలికి దిగి గడ్డి చివికిపోతుంది. ఆ పిల్లలందరూ ఆ మధ్యనే తమ తమ దొడ్లలో వాములు తొక్కి వచ్చినవారు. చిన్నతనంలో నేనూ తొక్కాను.

మధ్యాహ్నం సలోమి గారింట్లో గోంగూర, ఎండురొయ్యల కూరతో భోజనం పెట్టారు. పిల్లలకు కొండ గురించి మళ్లీ చెప్పగలరా అని అడిగాను.

"చెప్తానండీ. వారం తిరక్కుండా అప్పజెప్పేస్తారు. గాలొచ్చిన రోజున గుర్తుకొస్తుందా అంటే మాత్రం నేను చెప్పలేను."

పుస్తకం వేసవి తరువాత వస్తే ఇబ్బందా అని కూడా అడిగాను. ఆమె మజ్జిగ వడ్డించారు.

"మిగతావాళ్లకి ఫరవాలేదు. అయిదో తరగతి వాళ్లు సెలవులతో వెళ్లిపోతారు. నాంచారిని ఇంక చదివించరండీ, వాళ్ల నాన్న ముందే చెప్పేశాడు."

బయలుదేరే ముందు పాకలోకి వెళ్లి, నా పెన్సిలు నాంచారికి ఇచ్చి, నిచ్చెన ఎక్కడ ఉండాలో ప్రూఫు మీద గీయమన్నాను. వాలుగా గీసింది. పైన నలుగురిని నిలబెట్టింది. ఒకరికి జడ పెట్టింది.

అదే జట్కాలో మోపిదేవికి, బస్సులో బందరుకు తిరిగి వచ్చేసరికి ప్రెస్సులో దీపం వెలిగించారు. యజమాని ప్రూఫును వెలుగులో పెట్టి చూశారు.

"కొండ తీసేశారా?"

"కొండ అక్కడే ఉందండీ. నిచ్చెనకూ పిల్లలకూ వేరే అచ్చు చెక్కించాలి. మాటలు మళ్లీ రాసిస్తాను. పేరూ మారుతుంది."

"అయితే వేసవి తరువాతే."

"తరువాతే."

"మీ పేరు కింద మెట్రిక్యులేషనో?"

"అది ఉంటుంది."

ఆయన ప్రూఫును అచ్చు చెక్కేవారికి పంపడానికని లోపల పెట్టుకున్నారు. నేను వట్టి చేతులతో గుడివాడ రైలెక్కాను.

కొండ పుట్టుకతోనే గట్టిది. దాన్ని చూసి పిల్లవాడు మెచ్చుకోగలడు గాని, తానూ అలా కావడం ఎలాగో అది చెప్పదు. నేను మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాను. మూడోసారి పరీక్షల రోజుల్లో నా బదులు కాటా దగ్గర నిలబడ్డ తోటి గుమాస్తాలు, తప్పినవాణ్ణి మళ్లీ ముందు బల్ల మీద కూర్చోబెట్టిన మాస్టారు, ఫలితాలు అడగకుండా అన్నం పెట్టిన నా భార్య, అందరూ తలా ఒక వరుస తొక్కినవారే. ఇంత తెలిసీ కొండను గురించి రాశాను. పుస్తకంలో కొండే ఉండాలని ఎందుకు అనుకున్నానో నాకు ఇప్పటికీ తెలియదు. కొత్త పుస్తకం వర్షాకాలానికి బడులకు చేరుతుంది. అప్పటికి నాంచారి బడిలో ఉండదు.

ఇలాంటి పని మీద దివిసీమకు వెళ్లదలచినవారికి ఒక్క సలహా. మంగళవారం కాకుండా చూసుకోండి, అది సులువు. ప్రూఫులు మాత్రం రెండు ప్రతులు తీసుకువెళ్లండి. ఒకటి ప్రెస్సుకు తిరిగి తేవలసి ఉంటుంది, ఒకటి అక్కడ వదిలి రావలసి ఉంటుంది. నేను ఒక్కటే తీసుకువెళ్లాను.