పసుపు కొమ్ము

హెచ్.ఆర్. మేనేజర్ అంటే అడిగినవాళ్లందరికీ ఉద్యోగాలు వేయించే మనిషనుకుంటారు మా చుట్టాలు. భీమడోలు దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో నా పని అది కాదు. పైవాళ్లు తమ నోటితో చెప్పలేని మాటలన్నీ నాచేత చెప్పించేవారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

మా ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలిచే ఆడవాళ్లంతా కొల్లేటి లంకల నుంచి వచ్చేవారు. విదేశీ కొనుగోలుదారుల తనిఖీ ఉందని, ఒలిచే హాల్లోకి ఒంటి మీద లోహమేదీ రాకూడదని కొత్త రూలు పెట్టారు. సరుకులో ఒక్క పూస పడినా మొత్తం వెనక్కి పంపేస్తారు కాబట్టి ఆ రూలును నేను తప్పుపట్టను. గాజులు, చెవిదిద్దులు అందరూ తీసేశారు. తాళి కూడా గొణుక్కుంటూ తీశారు. ఒకావిడ మాత్రం తీయనంది.

ఆమె భర్తకు కిడ్నీలు పాడై ఏలూరులో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఆ వైద్యం నడిచేది ఆమె ఉద్యోగంతో వచ్చిన ఇ.ఎస్.ఐ. కార్డు మీదే. ఉద్యోగం పోతే అదీ పోతుంది.

“ఆయన మంచం మీదుండగా మెళ్లోది ఎలా తియ్యమంటారండీ?” అని నా ఎదుట ఏడ్చింది.

దారి మా అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే. తాళి బాగుచేయించడానికి ఇచ్చినప్పుడు పసుపుతాడుకు పసుపు కొమ్ము కట్టి మెళ్లో వేసుకుంటారు. అందులో లోహం లేదు, పైగా హాల్లో వేసుకునే కోటు కాలరు కింద కనపడదు. అలా కట్టుకుంటారా అని అడిగితే ఆమె ముఖం తేటపడింది.

జనరల్ మేనేజర్ దగ్గరకు వెళ్లాను.

“తాడు కూడా వద్దండి. ఒకళ్లకి ఒప్పుకుంటే అందరూ మొదలెడతారు. తియ్యకపోతే మానేయమనండి” అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆయన వేలికి వెండి ఉంగరం, దానికో ముత్యం. జాతకంలో చంద్రుడు బాగాలేడట. ఆ ఉంగరంతోనే రోజూ హాలంతా తిరిగేవాడు.

“మరి మీ ఉంగరమో?”

“నేను రొయ్యలు ముట్టుకోనుగా మేడం.”

నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా యజమానికే ఫోన్ చేశాను. చిన్న చిన్న విషయాలు నా దాకా తేకండి అన్నాడాయన. చిన్న విషయమట!

ఆ మాట ఆమెకు నేనే చెప్పాల్సి వచ్చింది. మర్నాడు ఆమె బోసి మెడతో హాల్లోకి వెళ్లింది. తనిఖీ బాగా జరిగిందని ఆఫీసులో పూతరేకులు పంచారు. నా వాటా అలాగే తీసుకెళ్లి జనరల్ మేనేజర్ బల్ల మీద పడేసి వచ్చాను.

కొన్నాళ్లకు ఆమె భర్త పోయాడు. చంపింది కిడ్నీల జబ్బే. అది నాకు తెలుసు, డాక్టర్లకు తెలుసు. ఆమెకు నచ్చచెప్పేదెవరు? ఆ అనుమానం జన్మంతా మోయమని ఆమె నెత్తిన పెట్టిన వాళ్లను నేను క్షమించను.

కర్మకాండ అయ్యాక పనిలోకి వచ్చింది. గుమ్మం దగ్గర సోదా చేసే సూపర్‌వైజరు అలవాటు ప్రకారం ఆమె కాలరు మీద చెయ్యి వేసింది. ఆమె ఆ చేతిని మెల్లగా తప్పించింది.

“ఇంక నా మెళ్లో చూడక్కర్లేదండీ” అంది.