దేవేందర్ కోసిన కమ్మీ

మేడ్చల్ సర్వీసు రోడ్డు మీద దేవేందర్ అంటే తెలియని కారు పిచ్చోడు లేడు. టర్బో బండ్లలో ఇంజనుకు వెళ్ళే గాలి వేడెక్కుతుంది కదా, దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ తీసేసి అంతకంటే పెద్దది బండి ముందు బిగిస్తాడు. పక్క షెడ్డులో పెయింటింగు నాది. ఇరవై ఏళ్ళుగా ఆయన గ్రైండరు మోతకి నా చెవులు సగం పోయాయి. ఆయన మాత్రం నోరు విప్పడు, మహానుభావుడు!

రెండేళ్ళ కింద అన్వేష్ అనే కొంపల్లి పిల్లాడికి అలాంటిదే బిగించాడు, ఆ బండికి తెల్లరంగు నేనే వేశాను. పెద్ద కూలర్ పట్టాలంటే బంపరు వెనక, గుద్దుకుంటే దెబ్బ కాసే ఇనుప కమ్మీని కింద కొంత కోయాలి. అందరూ కోస్తారు, ఈయనా కోశాడు. నెల తిరక్కుండానే ఆ పిల్లాడు శామీర్‌పేట దగ్గర ఆగి ఉన్న లారీని గుద్ది చనిపోయాడు. అప్పటినుంచి దేవేందర్‌ది ఒకటే రంది.

"నేను కొయ్యకుంటే బతుకుతుండెనా?"

"లారీ ముంగట గా కమ్మీ ఎంతన్నా! ఊకె పరేషాన్ గాకు" అని రోజూ కసిరేవాణ్ణి. ఆ పిల్లాడి తల్లిని పలకరించడానికి కూడా ఆయన వెళ్ళలేకపోయాడు.

మొన్న పట్టపగలు సుధీర్ అనే ఉద్యోగి ఎర్ర కారు తెచ్చాడు. "ఢిల్లీ బండండీ, చిన్న గీత కూడా పడలేదన్నారు. పెద్ద ఇంటర్‌కూలర్ వేసెయ్యండి" అన్నాడు.

దేవేందర్ బంపరు విప్పుతుంటే చూస్తూ నిలబడ్డాను. కంటికి కనబడని ఒక మర దగ్గరికి ఆయన చెయ్యి నేరుగా వెళ్ళింది. అది కంపెనీ పెట్టిన చోటు కాదు, ఎవరో పక్కకు జరిపి బిగించింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇది ఈడున్నదని నాకెట్ల ఎరుకైంది?" అన్నాడు.

బంపరు లాగగానే లోపలినుంచి గాజుపొడి జలజల రాలింది. ముందు అద్దం చూస్తే చెక్కుచెదరలేదు. పగిలినదాన్ని ఎవరో మార్చారు. బానెట్ అంచు గోటితో గీకాను. ఎర్ర రంగు కింద తెలుపు, అన్వేష్ బండికి నేను కలిపిన తెలుపే.

దేవేందర్ కమ్మీ మీది రంగు గీకాడు. ఆయనది ఎడమచేతి వాటం, ఆయన గ్రైండరు గీతలు కుడినుంచి ఎడమకు వాలుతాయి. ఈ చుట్టుపక్కల ఇంకెవరివీ అలా వాలవు. ఆ గీతల పక్కన, సరిగ్గా కోత మూలనుంచే, కమ్మీ నిలువునా విరిగింది. ఎవరో పుణ్యాత్ములు పైపైన అతికి, రంగు పూసి అమ్మేశారు.

ఇది మనిషి చచ్చిన బండని చెబితే సుధీర్ మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "ఎవరికీ చెప్పకండి, ప్లీజ్. వచ్చే వారం ఎవరికో ఒకరికి అమ్మేస్తాను" అన్నాడు.

"రేపు కొత్త కమ్మీ నేనే ఏస్త, ఫుకట్‌ల, పైస దీస్కోను. గందాంక బండి ఈడికెల్లి కదలది" అన్నాడు దేవేందర్. విరిగినదాన్ని ఊడదీసి చంకన పెట్టుకుని నా వైపు తిరిగాడు. "కొంపల్లి పోదాం, నడు."

రెండేళ్ళు అంత నోరు చేసుకున్న నేనే షెడ్డు షట్టరు దించి ఆయన వెంట నడిచాను.

తలుపు తీసింది అన్వేష్ తల్లి సీతామహాలక్ష్మి.

"అమ్మా, దీన్ని నేను కోసిన. కోసిన కాడనే ఇరిగింది" అని దేవేందర్ గుమ్మంలోనే బావురుమన్నాడు.

ఆవిడ ఏడవలేదు. ఆ ఇనుప ముక్కను అందుకుని తిప్పి చూసింది.

"లోపలికి రండి, కళ్ళజోడు తెచ్చుకుంటాను. ఎక్కడ విరిగిందో నాకు వేలు పెట్టి చూపించాలి" అంది.