మా ఇంటి కార్డులో మూడు ఖాళీ గళ్లు

నేను సహియాని. అంటే బిర్సానగర్‌లో మా లైన్లన్నీ తిరిగి, పిల్లల్ని టీకాలకీ, ఆరు నెల్లకోసారి పోసే విటమిన్ సిరప్‌కీ అంగన్‌వాడీకి లాక్కొచ్చే మనిషిని. నా గొంతు వినగానే తలుపులేసుకునే ఇళ్లున్నాయి. నాకదో గొప్ప. ఎవరి పిల్లకి ఎప్పుడు పోసేరో కాయితం చూడకుండా చెప్పీగలనని పదిమందికీ చెప్పుకునేదాన్ని కూడాను.

ఎదురింటి అమ్మాయి మాత్రం లొంగలేదు. శ్రీకాకుళం వేపు నుంచి కోడలుగా వచ్చింది. కూతురికి రెండేళ్లు దాటేయి. సిరప్ తాగితే వాంతులౌతాయని ఎవరో చెప్పేరంట, రెండుసార్లు తప్పించుకుంది. మూడోసారీ తప్పితే ఆ గుంట గతేటని నాకు భయం, దాని వెనకాలే కోపం. ఆ సిరప్ రోజు పొద్దున్నే గుమ్మంలోనే అందుకున్నాను.

"కళ్లకి మంచిదే, రోగాలకి తట్టుకుంటాది. కన్నతల్లివి, సిగ్గుండక్కర్లేదేటే?"

ఆ పిల్ల చల్లగా అడిగింది. "మీ మనవడికి పోయించేరా పిన్నీ?"

"ఓసోస్! సహియా ఇంట్లో పోయించకుండా ఉంటామేటి!"

"అయితే వాడి టీకాల కార్డు చూపించండి."

కార్డుకేం, దేవుడి పటం వెనకాల ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. అంత భద్రంగా దాచేను గనకే ఎవరూ తియ్యలేదు. తెచ్చి ఆమె ముందే విప్పేను. తొమ్మిదో నెల గడిలో నర్సమ్మ సంతకం ఉంది. ఆ తరవాత మూడు గళ్లూ ఖాళీ. వాడికి మూడేళ్లు నిండబోతున్నాయి.

ఓలమ్మో, ఆ గళ్లని వేలెట్టి మళ్లీ లెక్కెట్టేను. జుగ్సలాయి బజారు కొట్లో పనికెళ్లే మా కోడలేమో, అత్తగారి ఉద్యోగమే అది కదా, ఆవిడే పోయించుంటాది అనుకుంది. నేనేమో సిరప్ రోజల్లా ఊరి పిల్లల వెనకాల పడి, మనింటివాడే కదా, సాయంత్రం చూద్దాంలే అని లిస్టులో వాడి పేరు పక్కన ముందే టిక్కు పెట్టీసేదాన్ని. ఆ సాయంత్రం ఒక్కసారీ రాలేదు.

ఎదురింటి పిల్ల నవ్వుతాదనుకున్నాను. నవ్వలేదు. "మీరే పోయించలేదంటే ఇందులో ఏదో ఉంది," అని కూతుర్ని చంకనేసుకుని లోపలికి తిరిగింది.

"లేదే తల్లీ! ఏటీ లేదు. నా పొగరు, నా బద్ధకం, అంతే. నడు, నీ కళ్లముందే మావాడికి పోయిత్తాను. ఆ తరవాత నీ ఇష్టం."

అంగన్‌వాడీలో మావాడు పళ్లు బిగించి "నహీ పీనా! తాగను!" అని ఒకటే గోల. ఊరందరికీ చెప్పే ఉపన్యాసం ఒక్క ముక్క గుర్తు రాలేదు. బతిమాలేను, చాక్లెట్టు చూపించేను, పొట్టలో ఒక తన్ను తిన్నాను. ఆఖరికి వాడు మింగేడు. టిక్కుల సంగతి నర్సమ్మకి చెప్పి చీవాట్లు కూడా తిన్నాను. ఎవరికైనా ఓ రోజు కాస్త వికారంగా ఉండొచ్చు గానీ దానంతటదే తగ్గిపోతాదని ఆవిడ ఎదురింటి అమ్మాయికి నెమ్మదిగా చెప్పింది. ఆ పిల్ల అరగంట కూచుని మావాణ్ణే చూసింది. వాడు బల్లెక్కి గెంతుతుంటే, అప్పుడు కూతురి నోరు తెరిపించింది.

ఆరు నెల్ల తరవాత సిరప్ రోజు పొద్దున్న సంచి తగిలించుకుని గుమ్మం దిగుతున్నాను. ఎదురింటి అమ్మాయి కూతుర్నెత్తుకుని మా గేటుకి అడ్డంగా నిలబడింది.

"ముందు మీవాణ్ణి తీసుకురండి పిన్నీ. నాయనమ్మయ్యుండి, సిగ్గుండక్కర్లేదేటి?"

సంచి గుమ్మంలోనే దించి లోపలికెళ్లి వాడికి చెప్పులు తొడిగేను.