చొక్కా అంచు

దమ్మామ్‌లో నేను ఏటీఎంలకు డబ్బు చేర్చే బండి నడిపేవాణ్ణి. తాయిఫ్ నుంచి వచ్చిన ఓ సౌదీ పెద్దాయన నా పక్కన కాపలాకు కూర్చునేవాడు. డ్యూటీలో ఆయన నడుముకున్న పిస్తోలు అందరికీ కనబడాలని కంపెనీ రూలు. చాయ్ కొట్టుకు పోతే మాత్రం చొక్కా బయటికి లాగి దాన్ని కప్పేసేవాడు. నాకది వింతగా ఉండేది. అంత బరువు మోసేది చూపించడానికే గదా!

"ఎందుకు కప్పుతారు చాచా?" అని హిందీలో అడిగితే, "దొంగకు చూపించాలి గానీ చాయ్ పోసేవాడికెందుకు?" అని నవ్వేవాడు.

ఒకరోజు కొట్టులో ఎవడో ఆ చాయ్ పోసే బంగ్లాదేశీని కాలర్ పట్టుకుని కొట్టాడు. పెద్దాయన లేచాడు. ఇక చొక్కా ఎత్తుతాడనుకున్నా. ఎత్తలేదు. ఎడమచేత్తో వాళ్లను విడదీసి, "కూర్చో సదీఖ్, కూర్చో" అని, అరబ్బీలో దోస్తని పిలుస్తూ, కొట్టినవాణ్ణి మెల్లగా కూర్చోబెట్టాడు.

బండెక్కాక చూస్తే, ఆయన కుడిచెయ్యి ఇంకా చొక్కా అంచును కిందికి లాగిపట్టుకునే ఉంది.

"ఇప్పుడెవరూ చూడ్డంలేదు, వదిలెయ్యండి చాచా."

"వాళ్లు చూస్తారని కాదు," అన్నాడు. "ఈ చెయ్యి దాన్ని తీస్తుందేమోనని."

ఆ పిడికిలి వదులయ్యేదాకా నేను బండి తియ్యలేదు.