మగ్గం కింది చెయ్యి

రాయచోటి అన్నకు నమస్కారం. ముందుగా నన్ను మన్నించు. నువ్వు రిపేరుకి పంపిన మూడు ఫోన్ బోర్డులు నా దగ్గరికి వచ్చి నెల దాటింది. నీ ఫోన్ ఎత్తలేదు. "ఏమప్పా, బతికే ఉండావా?" అని నువ్వు పెట్టిన మెసేజ్‌కి జవాబు కూడా ఇవ్వలేదు. మన రిపేరు అంగళ్లవాళ్ల గ్రూపులో ఇంకొందరు కూడా అడుగుతున్నారు. అందుకే నీకు రాస్తూనే, ఇది అందరూ చదివేట్టు గ్రూపులో పెడుతున్నాను.

ఖాలా చనిపోయింది.

ఖాలా అంటే మా అంగడి వెనక సందులో ఉండే, జాకెట్లకు మగ్గం కుట్టు పని చేసే ఆమె. నాకు చుట్టం కాదు. కల్లూరులో మా సందంతా ఆమెను ఖాలా, అంటే పిన్నమ్మా అంటుంది, నేనూ అదే అన్నాను. ఆ మంగళవారం పొద్దున నేను షట్టరు ఎత్తుతుంటే షేర్ ఆటో అతను బండి నిలిపి, దిగకుండానే చెప్పాడు. "శెట్టన్నా, మీ ఖాలా పోయిందంట. కొళాయి కాడ బిందె పట్టుకోనే కూలబడిందంట." వెనక కూర్చున్నవాళ్లు తొందరపెడితే వెళ్లిపోయాడు. నేను షట్టరు సగం ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చేతులు నొప్పి పుట్టేదాకా దించాలని గానీ, ఎత్తాలని గానీ తోచలేదు.

ఇప్పుడు మీకెవరికీ తెలియని మాట చెబుతున్నాను. ఈ మూడేళ్లుగా మీరంతా నా చేతిపని అని మెచ్చుకున్న సన్నపని నాది కాదు. బోర్డు మీద గీత తెగిపోతే వెంట్రుకంత రాగితీగ వేసి అతికిస్తాం కదా, మనం జంపర్ అంటామే, అవన్నీ ఖాలా వేసినవి. ఆమె బతికుండగా ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నందికొట్కూరులో ఉండే తన కూతురికి ఒక్కదానికి మాత్రం చెప్పమని ఆమె అడిగింది. అది కూడా చెయ్యలేదు.

మొదటినుంచీ చెబుతాను. నీకు గుర్తుందో లేదో, రెండు కళ్లూ ఆనించి చూసే పాత మైక్రోస్కోపుతో నా మెడ పట్టేసి, డిజిటల్‌ది కొన్నాను. పైన కెమెరా, ఎదురుగా చిన్న తెర. నిటారుగా కూర్చుని తెర చూస్తూ కింద సోల్డరింగ్ చేసుకోవచ్చు. నువ్వు దాన్ని బొమ్మల పెట్టె అని ఎగతాళి చేశావు. నీ మాట నిజమే అనిపించింది నాకు. నెల రోజులు కూర్చున్నా అది నాకు లొంగలేదు. కళ్లు తెర మీద, చెయ్యి కింద. చెయ్యి కనబడకపోతే నాకు భయం. ప్రతిసారీ కిందికి చూసేవాణ్ణి, మళ్లీ తల ఎత్తేలోపు సోల్డరింగ్ మొన ఎటో పోయేది. దానికితోడు తెర మీద బొమ్మ ఒక రెప్పపాటు ఆలస్యంగా వస్తుంది. లోతు అసలే తెలియదు.

అట్లాంటి ఒక మధ్యాహ్నం ఖాలా తన ఫోన్ తెర మీద గాజు అతికించుకుందామని వచ్చింది. గాజు సంగతి మరిచిపోయి నా అవస్థ చూస్తూ నిలబడింది.

"ఏం శెట్టీ, సినిమా చూస్తాండావా, పని చేస్తాండావా?"

"రెండూ రావడంల్యా ఖాలా."

"కోడి నీళ్లు తాగినట్ల తల కిందికీ మీదికీ ఆడిస్తాంటే యాడొస్తాది? జరా జరుగు."

పోయేదేముందని ఒక చచ్చిన బోర్డు ఇచ్చాను. ఆమె కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ కెమెరా కింద పెట్టి, తెర వైపు చూసింది. అంతే, మళ్లీ కిందికి చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. ఇదెట్లా వచ్చిందని అడిగాను. తర్వాత చెప్పింది. మగ్గం పనిలో చట్రానికి బిగించిన గుడ్డ పైన ఒక చెయ్యి సూది పట్టుకుంటే, రెండో చెయ్యి గుడ్డ కిందుండి దారం అందిస్తుందట. ఆ కింది చెయ్యి ఏం చేస్తోందో పనివాళ్లకే కనబడదు. నలభై ఏళ్లుగా ఆమె ఎడమ చెయ్యి అలాగే చీకట్లో పనిచేసింది.

"నీకు ఇప్పుడు రెండు చేతులూ మగ్గం కిందనే ఉండాయి శెట్టీ. దానికెందుకంత భయం? చేతిని నమ్ము. నువ్వు చూస్తాంటే అది సిగ్గుపడతాది" అంది.

మొదటి రోజే అన్నీ వచ్చేశాయని కాదు. తీగ కొనను పెదాల మధ్య పెట్టి తడిపింది! సూదిలోకి దారం ఎక్కించే అలవాటు. నేను అరిచాను. "అది దారం కాదు ఖాలా, సీసం, మందులూ అంటుంటాయి, నోట్లో పెట్టగూడదు." నవ్వి, కొంగుతో మూతి తుడుచుకుంది. ఇంకో తప్పు, కుట్టు బిగించినట్టు తీగను లాగింది. బోర్డు మీది రాగి చుక్క తీగతోపాటు ఊడొచ్చింది. "దారమైతే లాగితేనే నిలుస్తాది. ఇది లాగితే అలుగుతాది" అనుకుంటూ ఇంకోటి అడిగింది. వారం తిరక్కుండా ఆమె చెయ్యి నన్ను దాటిపోయింది. మనమైతే అడ్డదిడ్డంగా పరుస్తాం. ఆమె తీగ మూల మూలకూ మెత్తగా వంపు తిరిగి, పక్క గీతలకు తగలకుండా, జాకెట్టు మీది లత మాదిరి పోయేది. లోతు తెలియని తిప్పలకు కూడా ఆమే దారి చూపించింది. "తెర మీద మొనను చూడొద్దు, దాని నీడను చూడు. రెండూ ముట్టుకుంటేనే తగిలినట్ల." నేను నెల రోజులు కొట్టుకున్నది ఈ ఒక్క మాట తెలియకే.

కంప్యూటర్ కుట్టు మిషన్లు వచ్చాక ఆమెకు మగ్గం పని తగ్గిపోయింది. నాకా సన్నపని పెరిగింది. పొద్దున వంట చేసుకుని పదకొండుకి వచ్చేది, సాయంత్రం అసర్ నమాజుకి ఇంటికి పోయేది. పనికి తగ్గట్టు చేతికిచ్చేవాణ్ణి, ఆ విషయంలో ఆమెకూ నాకూ మాటపట్టింపు ఎప్పుడూ రాలేదు. అన్యాయం ఇంకోచోట జరిగింది.

ఒకతను ఖరీదైన ఫోన్ బాగుచేయమని ఇచ్చి, చెప్పిన టైముకంటే ముందే వచ్చాడు. అతని బోర్డు ఖాలా చేతుల కింద ఉంది.

"ఏమన్నా, నా ఫోను ముసలామె చేతికిచ్చినావా?"

"లేదప్పా, ఊరికే చూస్తాండాది" అన్నాను.

అతను వినలేదు. విప్పిన ఫోన్‌ని ముక్కలుగానే కవర్లో వేయించుకుని పోయాడు. మర్నాడు ఖాలా ఇంటినుంచి పాత చీర ఒకటి తెచ్చింది. "పరదా కట్టు శెట్టీ. నేను కనపడకపోతే వాళ్లకి నీ చెయ్యి కనపడతాది. నీ అంగడి నడవల్ల గదా" అంది. వద్దనాల్సింది. అప్పటికప్పుడే స్టూలెక్కి మేకులు కొట్టాను.

నువ్వొచ్చిన రోజు చెబుతాను, వినన్నా. పోయిన ఎండాకాలం కర్నూలులో ఏదో పని చూసుకుని మా అంగడికి వచ్చావు. మూడు టీలు చెప్పాను. "ఇద్దరమే ఉండాము, మూడోది ఎవరికప్పా?" అని అడిగావు. పక్కింటాయనకన్నాను. నీ జేబులోనుంచి నేను బాగుచేసి పంపిన బోర్డు తీసి, వేలితో చూపించి, "ఎంత సన్నం పనప్పా ఇది! జిల్లాలో ఇట్లాంటి చెయ్యి ల్యా. నీ చేతికి కడియం చేపియ్యల్ల" అన్నావు. నేను నవ్వాను. ఆ పరదా నీ కుర్చీకి మూడడుగుల దూరంలో ఉంది. దాని వెనక ఖాలా ఊపిరి కూడా గట్టిగా తీయకుండా కూర్చుంది.

నువ్వు వెళ్లాక పరదా తీసి బయటికొచ్చింది. చల్లారిన టీ గ్లాసు ఆమె చేతిలో ఉంది.

"ఏదీ శెట్టీ, నీ చెయ్యి ఒగసారి చూపించు. అంత బాగుండాదా? దిష్టి తగుల్తాది, ఉప్పు తిప్పి పడేస్తా ఉండు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "ఈసారి ఆయన వచ్చినప్పుడు చెప్తా ఖాలా" అన్నాను.

"ఆయనకి చెప్పకపోయినా పర్వాల్యా" అంది. ఈసారి నవ్వలేదు. "మా బిడ్డకి మాత్రం ఒగనాడు చెప్పు. నేను చెప్తే నమ్మదు. ఫోన్లు బాగుచేసేది నేనంటే, అమ్మీ, నీకు చత్వారం గదా అని నవ్వుతాది. ఆ అంగడికి పోవద్దు, మా ఇంటికొచ్చేయి అని శానా పోరుతాంది."

"చెప్తా ఖాలా."

అన్నాను గదా, అన్నాను. ఆ తర్వాత కూతురు పండక్కి వచ్చింది, పోయింది. నేను అంగట్లోనే ఉన్నాను.

మూడో రోజు జియారత్‌కి, అంటే పోయినవాళ్లకోసం చేసే ప్రార్థనకి, వాళ్లింటికి పోయాను. మగవాళ్లంతా బయట షామియానా కింద ఉన్నారు. ఎవరో నన్ను, "మీరెవరు?" అని అడిగారు. "ముందు అంగడాయన్ని" అన్నాను. మూడేళ్లు రోజూ ఒక బల్ల దగ్గర కూర్చున్న మనిషికి నేనేమవుతానో చెప్పడానికి పేరు లేదు. కాసేపటికి కూతురు వాకిట్లోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"అన్నా, మా అమ్మ మీ అంగట్లో ఏం చేస్తాండె?"

నేను నోరు తెరిచేలోపు మళ్లీ తనే అంది. "ఊడ్చేకి పోతాదని మా అత్తగారింట్లో అంటారన్నా. కడుపున పుట్టిన బిడ్డ ఉండి కూడా తల్లిని అంగళ్లు ఊడ్పిస్తాందని. నాకు తల కొట్టేసినట్ల ఉంటాది. నిజం చెప్పన్నా, ఊడుస్తాండెనా?"

చుట్టూ ఉన్నవాళ్లలో నలుగురైదుగురు నా దగ్గర ఫోన్లు బాగుచేయించుకున్నవాళ్లే. వాళ్లంతా నా మొహమే చూస్తున్నారు.

"లేదమ్మా, ఛఛ. ఊరికే కూర్చుంటాండె. నాకు తోడుగా" అన్నాను.

ఆ పిల్ల నమ్మలేదు. తల ఊపి లోపలికి పోయింది. ఊడుస్తూ ఉండేదని ఖాయం చేసుకుని పోయింది. ఆ మాట నేను చెప్పినట్టే అయింది గదా అన్నా?

అప్పటినుంచీ నాకు పని సాగడం లేదు. పరదా తీసేశాను. పదకొండు దాటితే సందులో ఎవరి చెప్పుల చప్పుడైనా తల అటు తిరుగుతుంది. మాట్లాడటానికి మనిషి లేక, ఫోన్ గాజు మార్చుకోడానికి వచ్చినవాళ్లను ఎండగా ఉందనీ, కూర్చోమనీ బతిమాలి నిలిపేసుకుంటున్నాను. వాళ్లు గడియారం చూసుకుంటారు. నీ మూడు బోర్డుల్లో ఒకటి ఆమె పోయే ముందురోజే ముగించింది. రెండోది నేను పట్టాను. ఆ తెర మీద మనిషి ఒణుకు ఎంత పెద్దగా కనబడుతుందో నీకు తెలుసు. పాడుచేశాను, దాని నష్టం నాది. మూడోది ముట్టుకోలేదు. ఇకమీదట జంపర్ పనులు నాకు పంపొద్దని గ్రూపులో అందరికీ ఇదే చెబుతున్నాను. నేర్చుకుంటే అప్పుడు నేనే అడుగుతాను.

మొన్న మైక్రోస్కోపులో మెమరీ నిండిందని చూపిస్తుంటే కార్డు తీసి చూశాను. నేనెప్పుడూ దాంట్లో వీడియో తియ్యలేదు. ఖాలా తెరను తనవైపు వంచుకునేటప్పుడు పక్కనున్న బటన్ నొక్కుకుపోయేది కాబోలు, ఆమెకూ తెలియకుండా గంటలు గంటలు ఎక్కింది. మొహం లేదు, మాట లేదు. కెమెరా కిందున్నది మాత్రమే. ఆమె ఫోటో దిగేది కాదు, ఇంట్లో కూడా ఒక్కటీ లేదట. ఇవే ఉన్నాయి.

వచ్చే శనివారం నలభయ్యో రోజు. కూతురు వస్తుంది, అత్తగారివాళ్లు కూడా వస్తారు. నేను మైక్రోస్కోపు పట్టుకుని వాళ్లింటికి పోయి, అందరిముందూ ఆ తెర పెట్టి చెప్పాలనుకుంటున్నాను. ఆ రోజు అబద్ధం చెప్పానని కూడా చెబుతాను. కానీ నేనొక్కణ్ణే చెబితే ఏడ్చే పిల్లను ఓదార్చడానికి అంటున్నాడనుకుంటారు. ఈ పని ఎంత కష్టమో తెలిసినవాడు, ఆమె బాగుచేసిన బోర్డులతో అంగడి నడుపుకున్నవాడు పక్కనుండి అవునని చెప్పాలి. నీ బోర్డులు కొరియర్లో పంపను, నువ్వే రా.

చివరి వీడియో నీ బోర్డుదే. తీగ అతకడం అయిపోయాక కూడా అది నాలుగైదు నిమిషాలు నడుస్తుంది. ఏమీ జరగదు. ఆమె ఎడమచేతి చూపుడువేలు బోర్డు పక్కన ఊరికే ఆనించి ఉంటుంది, తెర నిండా. గోరు మీద సగం వెలిసిన మెహందీ, వేలి కొనంతా సూది పోట్ల చుక్కలు. బాగా చూస్తే ఆ వేలు సన్నగా కదులుతూ ఉంటుంది. ఒణుకనుకున్నాను. కాదన్నా, అది నాడి. కొట్టుకుంటా ఉంటుంది.

ఎప్పుడొస్తావన్నా?